ఇటలీ పిస్టళ్లన్నిటికీ 2డి6 అయితే తేడా ఎక్కడ చూపించాలి?

మీరు అడిగింది ఇదీ: బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో పాత్రలు నడిపే డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదో ఎడిషన్ రూల్స్ మీద ఇటలీ క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) నడపబోతున్నారు. మొదటి సగం 1944లో కొండల్లో పోరాడే పార్టిజాన్ల (గెరిల్లా యోధుల) కథ, రెండో సగం 1978లో వాళ్ల మనవల కథ. గేమ్ మాస్టర్ (ఆట నడిపేవాడు) కోసం 2014లో వచ్చిన పుస్తకంలో ఆటోమేటిక్ పిస్టల్‌కు ఒక్కటే వరుస ఉంది: 2డి6 డ్యామేజ్ (రెండు ఆరు ముఖాల పాచికల మొత్తం), 50/150 అడుగుల రేంజ్ (మామూలుగా 50, గురి తగ్గినా 150 దాకా), 15 తూటాల తర్వాత రీలోడ్. గ్లిసెంటి, బెరెట్టా 34, 51, 92, 93ఆర్‌లకు వేర్వేరు డ్యామేజ్ ఎంతెంత పెట్టాలి?

డ్యామేజ్‌లో పెద్ద తేడా పెట్టకండి. పెడితే ఏమవుతుందో నేను చూశాను.

మిలన్‌లో మాస్టర్స్ చదివిన రెండేళ్లూ నలుగురు తెలుగువాళ్లం ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్లం. చలికాలం ఆదివారాలు బయట అడుగు పెట్టే ఓపిక లేక మొదలైన ఆట మాది. గేమ్ మాస్టర్ని నేనే. తుపాకీతో నా పరిచయమంతా ఎన్.సి.సి. క్యాంపులో పాయింట్ టూటూ రైఫిల్‌తో కాల్చిన ఐదు రౌండ్లు. అందుకేనేమో, తెలియనితనమంతా పట్టికతో కప్పుకున్నాను. బరువు, గొట్టం పొడవు, తూటా వేగం, శక్తి అంటూ ఒక్కో పిస్టల్‌కు పదకొండు గడులు. మొదటి కాల్పుల సీన్‌లో గడిచింది నాలుగు రౌండ్లు, అంటే కథలో ఇరవై నాలుగు సెకన్లు. మాకు గంటంబావు పట్టింది. రెండో వారం ఆ కాగితం మీద పప్పు గిన్నె పెట్టుకున్నారు.

తర్వాత నేను మిగుల్చుకున్న లెక్క చిన్నది. 7.65 మిల్లీమీటర్ల తూటా శక్తి సుమారు 200 జూల్స్. బెరెట్టా 34 వాడే 9 మిల్లీమీటర్ల కోర్తో తూటాది సుమారు 270. జర్మన్ల 9 పారాబెల్లమ్ తూటాది 480, 500 మధ్య. గ్లిసెంటి తూటా ఈ చివరి రెంటికీ మధ్యలో వస్తుంది. వీటిని పాచికల్లోకి మారిస్తే 7.65కి 2డి4, కోర్తోకి డి4+డి6, గ్లిసెంటి, పారాబెల్లమ్ రెంటికీ 2డి6. సగటు 5, 6, 7. జూల్స్ ప్రకారం పారాబెల్లమ్‌కు కోర్తో కన్నా దాదాపు రెట్టింపు ఇవ్వాలి కదా అంటారేమో. మనిషి ఒళ్లు అలా లెక్క కట్టదు, మీ ఆటగాళ్లూ కట్టరు. వాళ్లు చూసేది ఒక్కటే, చిన్న పిస్టల్ పట్టుకున్నవాడికి తాను పనికిరానివాడిననే భావన వస్తుందా లేదా అని.

మా వాడు ఒకడు అలాగే అన్నాడు. 34ని చేతికిస్తే, "డి4+డి6 ఏంట్రా, ఇది బొమ్మ పిస్టల్" అన్నాడు. పక్కవాడు ప్లేట్‌లోంచి తల ఎత్తకుండానే, "గాంధీని చంపింది దాంతోనే" అన్నాడు. నిజమే. 1948 జనవరి 30న బిర్లా హౌస్‌లో గాడ్సే పేల్చింది బెరెట్టా 34, 9 కోర్తో. దగ్గర నుంచి మూడు గుళ్లు. బల్ల దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ రాత్రే ఒక రూల్ చేర్చాను: అయిదు అడుగుల లోపల, ఎదుటివాడికి అనుమానం లేనప్పుడు కాలిస్తే ఏ పిస్టల్‌కైనా పాచికలు రెట్టింపు. ఆ తర్వాత బొమ్మ అన్న మాట మళ్లీ వినలేదు.

ఇక అసలు సంగతి తూటాల డబ్బా. మీ 1944 భాగంలో ఎవరైనా "9 ఎం.ఎం. తూటాలు నలభై దొరికాయి" అని షీట్ మీద రాసుకుంటే వెంటనే ఆపి, "ఏ తొమ్మిది?" అని అడగండి. అప్పటి ఇటలీలో కనీసం మూడు తొమ్మిదులు తిరుగుతున్నాయి. కోర్తో అంటేనే పొట్టిది, మందు పట్టే దాని ఇత్తడి తొడుగు పొడవు 17 మిల్లీమీటర్లు. గ్లిసెంటి 1910 తూటా, జర్మన్ల పారాబెల్లమ్ రెండూ 19 మిల్లీమీటర్లవే, చూడ్డానికి కవలపిల్లలు. కానీ గ్లిసెంటిలో మందు తక్కువ వేస్తారు, ఎందుకంటే ఆ పిస్టల్ అంతకు మించి తట్టుకోలేదు. దాని ఎడమ పక్క అంతా ఒక పలకే, ముందు ఉన్న మర తిప్పితే ఊడి వస్తుంది. ఫ్రేమ్‌కు ఆ వైపు ఆసరా లేదు, కాల్చేటప్పుడు గొట్టాన్ని మూసి ఉంచే లాకింగూ బలహీనం. పైగా బెరెట్టా 38 సబ్‌మెషిన్ గన్ కోసం ఇటాలియన్లే చేసుకున్న 9 ఎం.ఎం. తూటా పారాబెల్లమ్ అంత ఘాటైంది. శత్రువు తూటాలే కాదు, సొంత సైన్యం తూటాలూ గ్లిసెంటికి గండమే.

నా రూల్ ఇది. గ్లిసెంటిలో దాని సొంత తూటా వేస్తే డి20 (ఇరవై ముఖాల పాచిక) మీద 1 పడితేనే జామ్. ఘాటు తూటా వేస్తే 1 నుంచి 3 వరకు జామ్, మూడో జామ్‌తో పిస్టల్ పని అయిపోయినట్టే. ఈ సంగతి ఆటగాళ్లకు ముందే చెప్పకండి. తుపాకులు తెలిసిన పాత్ర ఉంటే ఇంటెలిజెన్స్ చెక్ (తెలివికి పరీక్షగా పాచిక) వేయించి, నెగ్గితే చెప్పండి. మా ఆటలో ఒకడు చచ్చిన జర్మన్ సైనికుడి ఎం.పి.40 సబ్‌మెషిన్ గన్ మ్యాగజైన్ విప్పి పారాబెల్లమ్ తూటాలు గ్లిసెంటిలోకి ఎక్కించాడు. ఏడు పట్టాయి, ఏడూ పేలాయి. "చూశావా" అన్నాడు నా వంక చూసి. రెండో మ్యాగజైన్‌కు వరసగా 2, 1, 3. వంతెన మీద, లారీ వస్తుండగా.

రీలోడ్ విషయానికొస్తే, బెరెట్టా 34 దగ్గర ఆగాలి. 1934 నుంచి దశాబ్దాల పాటు పది లక్షలకు పైగా తయారైన పిస్టల్ ఇది. విడి భాగాలు తక్కువ, బురదలో పడ్డా పని చేస్తుంది. దీనికి జామ్ రూల్ పెట్టనేలేదు నేను. దాని చిక్కల్లా మ్యాగజైన్ మార్చడంలో ఉంది. గొళ్లెం పిడి అడుగున ఉంటుంది, రెండో చెయ్యి కావాల్సిందే. ఏడో తూటా పేలాక స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ కదిలే భాగం) వెనకే ఆగిపోతుంది, కానీ దాన్ని ఆపేది విడిగా ఉన్న మీట కాదు, మ్యాగజైన్ లోపల తూటాలను పైకి నెట్టే రేకే. అంటే స్లైడ్‌ను ముందుకు నెట్టే స్ప్రింగ్ బలమంతా ఖాళీ మ్యాగజైన్ మీద పడి అది సులభంగా బయటికి రాదు. గట్టిగా లాగితే వస్తుంది, రాగానే స్లైడ్ టప్పున మూసుకుపోతుంది. కొత్త మ్యాగజైన్ పెట్టి, స్లైడ్ మళ్లీ లాగాలి. మీ పుస్తకం రీలోడ్‌కు యాక్షన్ (ఆ వంతులో చేసే ముఖ్యమైన పని) గానీ బోనస్ యాక్షన్ (దానితో పాటు చేసే చిన్న పని) గానీ చాలంటుంది. 34కి మాత్రం పూర్తి యాక్షన్ పెట్టండి. దీనికో చిట్కా ఉంది: స్లైడ్ వెనకున్నప్పుడే సేఫ్టీ మీటను తిప్పి స్లైడ్‌ను దానితో పట్టి ఉంచితే మ్యాగజైన్ సులువుగా జారుతుంది. పిస్టల్‌లో ప్రొఫిషియెన్సీ (నైపుణ్యం) ఉన్న పాత్రకు దీని పేరున బోనస్ యాక్షన్ ఇవ్వండి. మాలో ఒకడు ఆ ఒక్క లాభం కోసం లెవెల్ పెరిగేదాకా ఎదురు చూశాడు, డ్యామేజ్ ఒకటి పెరగడం కోసం ఎవరూ అలా చూడలేదు. రేంజ్ 30/90 చాలు, గొట్టం 94 మిల్లీమీటర్లే, గురి చూసే సైట్లు బొత్తిగా చిన్నవి. మీ ఆటగాళ్లలో ఎవరైనా వాయుసేన నుంచి పారిపోయి వచ్చినవాడి పాత్ర వేస్తే 1935 మోడల్ ఇవ్వండి. 7.65, ఎనిమిది తూటాలు, 2డి4, మిగతాదంతా దీనిలాగే.

ముద్రల గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను, ఎందుకంటే మా క్యాంపెయిన్‌లో మంచి రాత్రి వాటి వల్లే వచ్చింది. 34ల స్లైడ్ మీద తయారైన ఏడాది పక్కనే ఫాసిస్టు శకం ఏడాది కూడా రోమన్ అంకెల్లో ఉంటుంది. ఆ శకం 1922 అక్టోబర్ చివర్లో మొదలైంది కాబట్టి 1937 పక్కన 15 కనిపిస్తుంది. రాజు గారి సైన్యానికి ఆర్.ఇ., నౌకాదళానికి ఆర్.ఎం., పోలీసులకు పి.ఎస్. అని కొట్టేవారు. 1943 సెప్టెంబర్‌లో ఇటలీ లొంగిపోయాక జర్మన్లు ఫ్యాక్టరీని తమ చేతుల్లోకి తీసుకుని, తాము ఒప్పుకున్న పిస్టళ్ల మీద 4యు.టి. అన్న ముద్ర వేయించారు.

మా కథ ఓస్సోలా లోయలో. 1944 సెప్టెంబర్, అక్టోబర్‌లలో పార్టిజాన్లు అక్కడ నలభై రోజులు తమ సొంత రిపబ్లిక్ నడిపారు. ఒక మేకల కాపరి వచ్చి చేరతానంటాడు. పిస్టల్ ఎక్కడిదంటే, లొంగుబాటు వార్త వచ్చిన రాత్రి బారక్స్‌లోంచి ఎత్తుకొచ్చానంటాడు. నేను వర్ణనలో మామూలుగా 4యు.టి. ముద్ర ప్రస్తావించి వదిలేశాను. రెండు సెషన్ల తర్వాత మావాడొకడు రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు: "ఆ ముద్ర జర్మన్లు వచ్చాక కదా వేసింది? మరి వాడు లొంగిపోయిన రాత్రే ఎలా ఎత్తుకొచ్చాడు?" ఆ కాపరిని ఏం చేయాలన్న దాని మీద తర్వాతి ఆదివారం మొత్తం గడిచిపోయింది, ఒక్క తూటా కూడా పేలకుండా.

(ఫ్యాక్టరీ ఉన్న గార్దోనే వాల్ త్రోంపియా ఊరికి బ్రెషా నుంచి బస్సులో వెళ్లొచ్చు, నేను వెళ్లాను. 1526లో వెనిస్ ఆయుధాగారానికి 185 తుపాకీ గొట్టాలు అమ్మి 296 డకట్లు తీసుకున్న కాగితం నుంచి బెరెట్టాల చరిత్ర లెక్కేస్తారు. మీ కథ నాలుగు వందల ఏళ్లు వెనక్కి పోయినా ఇంటిపేరు మార్చనక్కర్లేదు.)

1978 భాగానికి అంత కష్టం లేదు. 51 మోడల్‌లో ఎనిమిది పారాబెల్లమ్ తూటాలు, లాకింగ్ బలమైంది, 2డి6, 50/150. ఈజిప్టు హెల్వాన్ పేరుతోనూ, ఇరాక్ తారిఖ్ పేరుతోనూ చేసుకున్నవి ఇవే, విదేశీ పాత్ర వస్తే పేరు మార్చి ఇవ్వండి. 92 మోడల్ అప్పటికి కొత్త. పుస్తకంలోని 15 తూటాల వరుస దీనికి అచ్చంగా సరిపోతుంది, ఏమీ మార్చకండి. ఒక్క చిన్న సంగతి: ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే 92లో మ్యాగజైన్ బటన్ ట్రిగ్గర్ వెనక ఉంటుంది. 1978లో ఇటలీ పోలీసులకు వస్తున్న 92ఎస్‌లో అది ఇంకా పిడి అడుగునే ఉంది. వర్ణనలో బొటనవేలితో నొక్కి మ్యాగజైన్ పడేయించకండి, తెలిసినవాడు బల్ల దగ్గర ఉంటే నవ్వుతాడు.

93ఆర్ ఆటగాళ్లకు ఇవ్వకండి, నా మాట వినండి. 20 తూటాలు, ఒక్క నొక్కుకు మూడు. ముందు మడత పిడి ఉంది. పుస్తకంలోని బర్స్ట్ ఫైర్ రూల్ పది తూటాలు మింగి పది అడుగుల ఘనాన్ని కప్పుతుంది, అది దీనికి సరిపడదు. మూడు తూటాలు ఖర్చు చేసి ఒక డి6 అదనం అన్నాను నేను. అంతే, ఆ పిస్టల్ చేతికొచ్చిన రోజు నుంచి మిగతా ఇద్దరూ పాప్‌కార్న్ తింటూ కూర్చున్నారు. విలన్ చేతిలో ఉంచండి, లేదా మ్యాగజైన్‌లో మూడు గుళ్లే మిగిలాక దొరికేలా చేయండి.

మీ కథ 1980ల్లోకి సాగితే నాలుగో తొమ్మిది కూడా వస్తుంది. ఇటలీలో 9 పారాబెల్లమ్‌ను యుద్ధ తూటాగా పరిగణించి పౌరులకు ఇవ్వలేదు, ఆ నిషేధం 2022లో సడలింది. అందుకే మామూలు మనుషుల పిస్టళ్లు 21 మిల్లీమీటర్ల తొడుగున్న 9×21 తూటాతో ఉండేవి. దెబ్బ ఒకటే, 2డి6 అలాగే ఉంచండి. కానీ పోలీసు దగ్గర లాక్కున్న తూటా మీ పాత్ర పిస్టల్‌కు ఉద్దేశించింది కాదు, మళ్లీ "ఏ తొమ్మిది?" అన్న ప్రశ్నే.

రెండు కాలాలనూ కలపడానికి మేము తాతగారి 34ని గోడలో దాచాం. యుద్ధం అయ్యాక చాలామంది పార్టిజాన్లు తుపాకులు అప్పజెప్పకుండా దాచుకున్నది నిజమే కాబట్టి నమ్మించడానికి శ్రమ పడలేదు. గుడ్డలో చుట్టిన పిస్టల్, అయిదు కోర్తో తూటాలు. ముప్పై నాలుగేళ్ల తూటాలకు నేను పెట్టిన రూల్: ఒక్కోదానికి డి6, 1 పడితే పేలదు, స్లైడ్ లాగి పారేయడానికి బోనస్ యాక్షన్. కొత్తవి దొరకడం కష్టం కాదు, పోలీసులు ఆనాటికీ 34లు పూర్తిగా వదల్లేదు. కానీ తీవ్రవాద హింసతో అట్టుడికిన ఆ ఏడాది ఇటలీలో ఇరవై ఏళ్ల కుర్రాడు కౌంటర్ దగ్గర నిలబడి కోర్తో డబ్బా అడిగితే ఎవరెవరు తల తిప్పి చూస్తారో మావాడికి తెలుసు. అడగలేదు. ఆ అయిదే జేబులో వేసుకుని వెళ్లాడు. మొదటి పాచిక 4. రెండోది 1.