నేపాల్‌లో బడి కట్టడానికి వెళ్లాలి... ఎఫ్‌డీ తీసేయొచ్చా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. నెలకు చేతికి రూ.82,000 వస్తుంది. ఇంటి రుణం ఈఎంఐ రూ.24,500, ఇంటి ఖర్చులు రూ.25,500, సిప్ రూ.10,000. ఎఫ్‌డీలో రూ.3.5 లక్షలున్నాయి. 2023 నవంబరు భూకంపంలో దెబ్బతిన్న నేపాల్‌లోని జాజర్‌కోట్‌లో బడి కట్టే పనికి ఆరు వారాలు వాలంటీరుగా వెళ్దామనుకుంటున్నాను. తీసుకెళ్లే సంస్థ రూ.95,000 అడుగుతోంది. ఎఫ్‌డీ తీసి వెళ్లొచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. మీ తప్పనిసరి ఖర్చు నెలకు రూ.50,000. ఆరు నెలలకు రూ.3 లక్షలు అత్యవసర నిధిగా ఉండాల్సిందే. అంటే ఎఫ్‌డీలో మీరు ముట్టుకోగలిగింది రూ.50,000 మాత్రమే.

అసలు ఖర్చు సంస్థ చెప్పిన రూ.95,000తో ఆగదు. ప్రయాణానికి రూ.25,000, బీమా, స్టీల్ టో బూట్లు, చేతిఖర్చులకు మరో రూ.25,000 వేసుకోండి. అంతా జీతం లేని సెలవైతే ఆ ఆరు వారాలూ ఇంటి దగ్గర ఆగని ఖర్చు రూ.75,000. మొత్తం రూ.2.2 లక్షలు. ఎఫ్‌డీలోంచి తీయగలిగే రూ.50,000 పోగా లోటు రూ.1.7 లక్షలు. సిప్ కట్టాక మీకు నెలకు రూ.22,000 మిగులుతోంది కదా, అందులో రూ.16,000 ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) వేస్తే 11 నెలల్లో లోటు తీరుతుంది. మూడు వారాలకు సంపాదిత సెలవు వాడుకోగలిగితే 9 నెలలు చాలు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అక్కడ వానలు, కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి. కాబట్టి అక్టోబరు తర్వాతి తేదీలే పెట్టుకోండి. పని వాయిదా పడితే ఎంత తిరిగిస్తారో డబ్బు కట్టే ముందే రాయించుకోండి.

రూ.95,000లో తిండికి, బసకు ఎంత, సిమెంటు, చువ్వలు, తాపీ మేస్త్రీల కూలికి ఎంత? ఈ లెక్క అడగండి. అక్కడ రాతి గోడలు మట్టి అడుసుతో కట్టినవి కావడంతో కుప్పకూలాయి. కొత్త గోడను కాపాడేది కిటికీల కింద, పైన అడ్డంగా పోసే కాంక్రీటు పట్టీలు. అది మేస్త్రీ పని, మీరు రాళ్లందిస్తారు. మేస్త్రీ కూలికి పైసా పోని ఫీజైతే నేను కట్టను.

ఎక్కువమంది దెబ్బతినేది బీమా దగ్గర. చాలా ట్రావెల్ పాలసీలు శారీరక శ్రమలో తగిలిన గాయాలను మినహాయిస్తాయి. మీ ఆరోగ్య బీమా కూడా సాధారణంగా దేశం దాటితే పనిచేయదు. ‘పరంజా ఎక్కి పనిచేస్తూ పడితే చికిత్సకు, హెలికాప్టర్ తరలింపుకు చెల్లిస్తారా?’ అని బీమా సంస్థకు మెయిల్ పెట్టి, ‘అవును’ అని రాతపూర్వకంగా వచ్చాకే ప్రీమియం కట్టండి. ఫోన్‌లో ఏజెంటు ఇచ్చే భరోసా క్లెయిమ్ దగ్గర నిలబడదు.

పన్ను మినహాయింపు ఆశించకండి. విదేశీ సంస్థకిచ్చే డబ్బుకు 80జీ (విరాళాలపై పన్ను మినహాయింపు) రాదు. మన సంస్థే అయినా తిండికి, బసకు కట్టింది విరాళం కాదు. కొత్త పన్ను విధానంలోనైతే 80జీ ఊసే లేదు.

వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు, విమానానికి ఆధార్ నమ్ముకోకండి. లక్నో మీదుగా రూపైడీహా సరిహద్దు దాటితే నేపాల్‌గంజ్. జాజర్‌కోట్‌కు ఖాట్మండూ చుట్టు తిరగడం కంటే అదే నయం. మన రూ.100కు 160 నేపాలీ రూపాయలు. కొండ ఊళ్లలో ఫోన్ చెల్లింపులు నమ్మలేం, వంద నోట్లు పట్టుకెళ్లండి. బయల్దేరే ముందు రెండు నెలల ఈఎంఐ సొమ్ము రుణ ఖాతాకు అనుసంధానమైన బ్యాంకు ఖాతాలో వేసి ఉంచండి.