పట్టేసిన ఆయిల్ ఫిల్టర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఇంటి దగ్గరే కారు ఆయిల్ మార్చుకుందామని పాత ఆయిల్ దించేశాను. ఫిల్టర్ మాత్రం కదలడం లేదు. మాది సముద్రం పక్క ఊరు. ఉప్పుగాలికి తుప్పు పట్టేసిందనుకుని తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను, లాభం లేదు. స్క్రూడ్రైవర్ దిగ్గొట్టి తిప్పెయ్యమంటున్నాడు మా బావ. చిన్న పెట్రోల్ కారు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, కళింగపట్నం

జవాబు: మీ బావగారి సలహా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఫిల్టర్‌కి చిల్లు పడనంత వరకు మీకు ఇంకో దారి ఉంది. డ్రెయిన్ నట్టు బిగించి, కొత్త ఆయిల్ పోసి, కారును మెకానిక్ షెడ్డు దాకా నడుపుకుని వెళ్లొచ్చు. పాత ఫిల్టర్‌తో ఆ కాస్త దూరం నడిస్తే ఇంజన్‌కి ఏమీ కాదు. చిల్లు పడ్డాక స్టార్ట్ చేస్తే మాత్రం ఆయిల్ అందులోంచి బయటికి చిమ్మేస్తుంది. ఇక బండిని తాడు కట్టి లాగించుకోవాల్సిందే.

పట్టేసింది తుప్పు వల్ల కాదు. ఫిల్టర్ మరలు లోపల ఆయిల్‌లోనే నానుతుంటాయి, వాటికి తుప్పు రాదు. పట్టుకున్నది రబ్బరు సీలు. పోయినసారి దానికి ఆయిల్ రాయకుండా పొడిగా ఎక్కించి ఉంటారు, లేదా రెంచి వేసి బిగించి ఉంటారు. నెలల తరబడి ఇంజన్ వేడికి ఆ రబ్బరు గట్టిపడి ఇంజన్ ముఖానికి, అంటే ఫిల్టర్ ఆనుకునే చదునైన చోటుకి, అతుక్కుపోతుంది. స్ప్రే ఆ సీలు దాటి లోపలికి వెళ్లదు, పైగా ఫిల్టర్ రేకు డబ్బాను జారుడుగా చేస్తుంది. ఉప్పుగాలి చేసే చెరుపు వేరే ఉంది: డబ్బా రేకును తినేస్తుంది. మీ తీరంలో స్క్రూడ్రైవర్ పద్ధతి అందుకే ఇంకా చెడ్డది. రేకు నిలువునా చిరుగుతుంది, ఫిల్టర్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఆయిల్ దించేశారు కాబట్టి ఇంజన్ స్టార్ట్ చెయ్యకండి. కారు ఒక్క జాకీ మీదే ఉంటే కిందికి దూరొద్దు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాకే పని మొదలుపెట్టండి. ఇసుక నేల అయితే స్టాండ్ల కింద మందపాటి చెక్క ఉండాలి.

ముందు డబ్బాకు అంటిన స్ప్రే, జిడ్డు అంతా పొడిగుడ్డతో, ఆ తర్వాత సబ్బునీళ్లలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. వేడి ఇంజన్ దగ్గర పెట్రోల్‌తో తుడవడం నిప్పుతో చెలగాటమే. తర్వాత ఎమరీ పేపరు పట్టీని గరుకు వైపు డబ్బాకు తగిలేలా చుట్టి, రబ్బరు గ్లౌజు వేసుకుని, రెండు చేతులతో తిప్పండి. ఎమరీ లేకపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టినా పట్టు దొరుకుతుంది. చాలా ఫిల్టర్లు ఇక్కడే వదులుతాయి.

దిశ విషయంలో చాలామంది పొరబడతారు. కింద పడుకుని ఫిల్టర్ మూసిన అడుగును ఎదురుగా చూస్తుంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పాలి. కిందికి వేలాడే ఫిల్టర్‌ను బానెట్ వైపు నుంచి చెయ్యి దించి తిప్పేవాళ్లకు ఇదే తలకిందులవుతుంది, విప్పుతున్నామనుకుంటూ బిగించేస్తారు. డబ్బా మీద మార్కర్‌తో బాణం గీసుకోండి.

చేతికి లొంగకపోతే పట్టీ రెంచి గానీ చైన్ రెంచి గానీ వెయ్యండి. ఎక్కడ వేస్తున్నారన్నదే ముఖ్యం. అడుగున పడితే డబ్బా నొక్కుకుపోతుంది. ఇంజన్‌కి ఆనుకున్న అంచు దగ్గర లోపల మందపాటి ప్లేటు ఉంటుంది, అక్కడ పట్టాలి. కుదుపులు వద్దు, బలాన్ని మెల్లగా పెంచుతూ పొండి. సీలు ఊడేటప్పుడు చిన్న 'టక్' వినిపిస్తుంది, ఆ తర్వాత చేత్తోనే వచ్చేస్తుంది. డబ్బాలో మిగిలిన ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం ఉంచండి.

డబ్బా చిరిగిపోయి ప్లేటు ఒక్కటే మిగిలితే కంగారు పడకండి. ప్లేటు అంచుకు ఉలిని ఏటవాలుగా ఆనించి, విప్పే దిశలో సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వెయ్యాలి. ఉలి జారి ఇంజన్ ముఖం మీద గీత పడకూడదు. చాలా కార్లలో అది అల్యూమినియం, గీత పడితే అక్కడ సీలు ఆనదు, ఆయిల్ కారుతూనే ఉంటుంది. కొన్నిసార్లు ఫిల్టర్‌తో పాటు మధ్యలోని మరల గొట్టం కూడా ఊడి వస్తుంది. దాన్ని పారెయ్యకుండా షెడ్డుకు పట్టుకెళ్లి మళ్లీ బిగించుకోవాలి.

కొత్తది ఎక్కించేముందు సీలుకు వేలితో కొత్త ఆయిల్ రాయండి. గ్రీజు వద్దు. సీలు ఇంజన్‌కి తాకేదాకా చేత్తో తిప్పి, అక్కడి నుంచి ముప్పావు చుట్టు, అదీ చేత్తోనే. డబ్బా మీద వేరే కొలత అచ్చయి ఉంటే అది పాటించండి. మారుతి, హ్యుందాయ్ చిన్న పెట్రోల్ ఇంజన్లలో ఫిల్టర్ ఒక్క చుట్టుకు లోపలికి జరిగే దూరం సాధారణంగా 1.5 మి.మీ. అంటే ముప్పావు చుట్టుకు రబ్బరు మిల్లీమీటరుకు కాస్త పైగా నొక్కుకుంటుంది. ఆయిల్ ఆపడానికి అది చాలు. అంతకు మించి బిగిస్తే వచ్చేసారికి మళ్లీ ఇదే గోల.

వచ్చేసారి వరస మార్చండి. ఇంజన్‌ను 3 నుంచి 5 నిమిషాలు నడిపి గోరువెచ్చగా చేసి ఆపేశాక, ఆయిల్ దించకముందే ఫిల్టర్ కదులుతుందో లేదో చూసుకోండి. కదిలితే వెంటనే చేత్తో బిగించి, అప్పుడు డ్రెయిన్ నట్టు విప్పండి. మొండికేస్తే కారును అలాగే షెడ్డుకు తీసుకెళ్లొచ్చు.

ప్రశ్న: ఫిల్టర్ విప్పడానికి కప్పు రెంచి కొనాలా, మూడు కాళ్ల రెంచి కొనాలా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఒక్క కారే ఉంటే కప్పు రెంచి. అయితే కప్పు వ్యాసం, లోపలి పలకల సంఖ్య ఫిల్టర్‌కి సరిగ్గా కుదరాలి. కాస్త వదులైనా పలకలు అరిగి జారుతుంది. మీరు వాడే కంపెనీ ఫిల్టర్ కొత్తది ఒకటి షాపుకు తీసుకెళ్లి, తొడిగి చూసి కొనండి. మూడు కాళ్లది రకరకాల సైజులకు సరిపోతుంది గానీ ఇరుకు చోట్ల దూరదు, పాత రేకును నొక్కేస్తుంది. ఏది కొన్నా విప్పడానికే వాడండి.

ప్రశ్న: దమ్ము పనులకు ముందు ట్రాక్టర్‌కి ఆయిల్, ఫిల్టర్ మార్చాం. స్టార్ట్ చెయ్యగానే ఫిల్టర్ అంచు నుంచి ఆయిల్ చిమ్ముతోంది. చైన్ రెంచితో ఇంకా బిగించమంటారా?
– ఒక రైతు, బొబ్బిలి

జవాబు: వద్దండి. వెంటనే ఇంజన్ ఆపండి. పాత ఫిల్టర్ సీలు ఇంజన్ ముఖానికే అతుక్కుని ఉండిపోయి ఉంటుంది. మీరు దాని మీదే కొత్తది ఎక్కించి ఉంటారు. రెండు రబ్బర్లు ఒకదాని మీద ఒకటి ఉంటే ఆయిల్ ఒత్తిడికి పక్కకు జారిపోతాయి, ఎంత బిగించినా ఆగవు. కొత్త ఫిల్టర్ విప్పి, ఇంజన్ ముఖం చుట్టూ వేలు తిప్పి చూడండి. నల్లటి రబ్బరు వలయం తగిలితే గోరుతోనో చెక్కపుల్లతోనో లాగెయ్యండి, ఇనుప మొన పెట్టొద్దు. ముఖం తుడిచి, కొత్త ఫిల్టర్ సీలు నలగకుండా ఉంటే ఆయిల్ రాసి అదే ఎక్కించవచ్చు. నలిగితే ఇంకోటి కొనాల్సిందే.

పాత రబ్బరు లేకపోతే ఫిల్టర్ నంబరును పాతదానితో పోల్చండి. చూడటానికి ఒకేలా ఉన్నా సీలు వ్యాసం తేడా ఉండొచ్చు. చిమ్మిన ఆయిల్ ఎంత పోయిందో డిప్‌స్టిక్ చూసి పోయండి. స్టార్ట్ చేశాక ఆయిల్ దీపం కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే ఆపెయ్యండి. ఆరితే ఒక నిమిషం నడిపి, ఫిల్టర్ అంచు చుట్టూ పొడిగుడ్డ తిప్పి తడి లేదని చూశాకే ట్రాక్టర్‌ను మడిలోకి దించండి.