అమ్మాయి అమెరికాలో కాలేజీ మారతానంటోంది, వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు

ప్రశ్న: మా అమ్మాయి టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మొదటి ఏడాది దాదాపు అన్ని మ్యాచ్‌లూ ఆడింది. ఈ ఏడాది కోచ్ కొత్తవాళ్లను తెచ్చుకుని దీన్ని పక్కన కూర్చోబెట్టారు. ఈ చదువు సంవత్సరం కాగానే వేరే విశ్వవిద్యాలయానికి మారతానంటోంది. మా వారు ఒప్పుకోవడం లేదు. "డబ్బిచ్చి చదివిస్తున్నవాళ్లను మధ్యలో వదిలేయడం ద్రోహం. అక్కడ ఆటగాళ్లందరూ డబ్బు కోసం ఏడాదికో కాలేజీ మారుతున్నారట, మన పిల్లా అదే దారి పట్టింది" అంటున్నారు. దాని శిక్షణ కోసం ఊళ్లో స్థలం కూడా అమ్ముకున్నాం. ఇప్పుడు తండ్రీకూతుళ్ల మధ్య మాటలు లేవు. నేను ఎవరివైపు మాట్లాడాలి?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: అమ్మా, ముందుగా మీ ఇంట్లో వినబడుతున్న ‘ద్రోహం’ అన్న మాటను పక్కన పెట్టించండి. క్రీడా స్కాలర్‌షిప్ అనేది ఎవరో దయతలచి ఇచ్చిన దానం కాదు, రెండు పక్షాల మధ్య కుదిరిన ఒప్పందం. కొన్ని విశ్వవిద్యాలయాల్లో అది ఏడాదికి మాత్రమే వర్తిస్తుంది, మరుసటి ఏడు కొనసాగించాలా వద్దా అన్నది మళ్లీ నిర్ణయిస్తారు. మీ అమ్మాయి సంతకం చేసిన కాగితంలో ఏముందో మీ వారిని స్వయంగా చదవమనండి. విశ్వవిద్యాలయం ఏడాదికి మించి మాట ఇవ్వకపోయినప్పుడు, అమ్మాయి మాత్రం నాలుగేళ్లకూ కట్టుబడి ఉండాలనడం న్యాయం కాదు.

మీ వారు పత్రికల్లో చూసినది అబద్ధమేమీ కాదు, కాకపోతే అది మీ అమ్మాయి కథ కాదు. అమెరికా కళాశాల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ నియమాల ప్రకారం ఒకప్పుడు ఆటగాళ్లు కాలేజీ మారాలంటే పాత కాలేజీ అనుమతి కావలసి వచ్చేది, అది లేకుండా వెళితే కొత్తచోట మొదటి ఏడాది స్కాలర్‌షిప్ దక్కేది కాదు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారదలచిన ఆటగాళ్ల పేర్లు ఇతర కోచ్‌లకు కనబడే ఆన్‌లైన్ జాబితా) వచ్చాక, విద్యార్థి రాతపూర్వకంగా కోరితే రెండు పనిదినాల్లో పేరు అందులో చేర్చక తప్పని పరిస్థితి వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి కొన్ని ఆటల్లో మారినవారు ఏడాదిపాటు ఆడకుండా కూర్చోవాలన్న నిబంధన, మొదటిసారి మారేవారికి 2021లో తొలగింది. రెండోసారి, మూడోసారి మారేవారిపై మిగిలిన ఆంక్షల మీద కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కగా, 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు వాటి అమలును నిలిపివేసింది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏయే, చదువులో అర్హత ఉన్నంతవరకు ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చని ఒప్పుకుంది. మీ వారు విన్న డబ్బు సంగతి ప్రధానంగా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లది. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో ప్రకటనలకు వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు గానీ, ఎఫ్-1 (విదేశీ విద్యార్థులకిచ్చే) వీసా మీద ఉన్న విద్యార్థిని అక్కడ ఉండగా అలాంటి ఒప్పందాలు చేసుకుంటే అనధికార ఉద్యోగం కింద లెక్కకట్టే ప్రమాదం ఉంది. కనుక డబ్బు కోసమే మారుతోందన్న నింద మీ పిల్లకు అంటదు.

ఈ స్వేచ్ఛ ఉండటం సరైనదేనా అని అడిగితే, సరైనదేనని నా అభిప్రాయం. కోచ్‌కు మంచి అవకాశం వస్తే మధ్యలోనే వెళ్లిపోతాడు. 2024లో యూసీఎల్‌ఏ, ఆరెగన్ వంటి పశ్చిమ తీరపు విశ్వవిద్యాలయాలు టెలివిజన్ ఆదాయం కోసం దేశం ఆవలి వైపున్న జట్లతో కూడిన బిగ్ టెన్ లీగ్‌లో చేరాయి. అక్కడ ఆడే పిల్లల ప్రయాణాలు ఎంత పెరుగుతాయన్నది ఆ నిర్ణయానికి అడ్డురాలేదు. పెద్దలందరికీ ఉన్న వెసులుబాటు పందొమ్మిదేళ్ల పిల్లకు మాత్రం ఉండకూడదని ఎవరంటారు?

అయితే హక్కు ఉన్నంతమాత్రాన ఇప్పుడే వాడుకోవాలని లేదు, ఈ విషయంలో మీ అమ్మాయికి నేను కాస్త గట్టిగా చెప్పవలసి ఉంది. పోర్టల్‌లో పేరు చేరిన తర్వాత నడుస్తున్న సెమిస్టరు సహాయం ఆగదు గానీ, ఆపైన ఇవ్వాలా మానాలా అన్నది పాత విశ్వవిద్యాలయం ఇష్టం. పేరు వెనక్కి తీసుకున్నా, స్కాలర్‌షిప్ తిరిగి ఇవ్వవలసిన బాధ్యత వారికి ఉండదు. పేరు పెట్టిన ప్రతివారికీ కొత్తచోట స్థానం దొరకదు కూడా. పైగా పేరు పోర్టల్‌లో కనబడకముందు ఇతర కోచ్‌లు ఆమెతో మాట్లాడటం నియమాలకు విరుద్ధం. కాబట్టి "ఫలానా చోట నీకు సీటు ఖాయం" అని మధ్యవర్తి ఎవరైనా ఇప్పటికే చెబుతుంటే, ముఖ్యంగా అందుకు ఫీజు అడుగుతుంటే, ఆ మాటకు విలువ ఇవ్వవద్దు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు చదువుది. ఆడటానికి అర్హత ఉండాలంటే, విద్యార్థి తాను చదివే డిగ్రీలో రెండో ఏడాది ముగిసేసరికి 40 శాతం, మూడో ఏడాదికి 60, నాలుగో ఏడాదికి 80 శాతం పూర్తిచేసి ఉండాలి. ఈ లెక్క కొత్త విశ్వవిద్యాలయం ఇవ్వబోయే డిగ్రీకి కట్టేది. పాతచోట పాసైన క్రెడిట్లలో కొన్నింటిని అక్కడివారు ‘ఐచ్ఛికాలు’గా మాత్రమే గుర్తించి, ప్రధాన విషయం కింద లెక్కించకపోతే, బాగా చదివే పిల్ల కూడా 40 శాతానికి తగ్గి మళ్లీ బెంచీ మీదే కూర్చోవలసి వస్తుంది, డిగ్రీ ఒక సెమిస్టరో ఏడాదో వెనకబడితే ఆ ఖర్చు స్కాలర్‌షిప్ మీద కాక మీ మీద పడవచ్చు. వీసా సంగతి సరేసరి: విదేశీ విద్యార్థుల వివరాలుండే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో ఆమె రికార్డు కొత్త విద్యాసంస్థకు బదిలీ కావాలి, ఆ సంస్థ నుంచి కొత్త ఐ-20 (విద్యార్థి వీసాకు ఆధారమైన పత్రం) రావాలి, నిర్ణీత గడువులోగా అక్కడ తరగతుల్లో చేరాలి. చోటు ఖాయం కాకుండా పాతచోట చదువు ఆపితే, ఆమె దేశంలో ఉండే అర్హతే ప్రశ్నార్థకమవుతుంది. అమెరికన్ స్నేహితురాళ్లు ధీమాగా చేసే పనిని ఆమె అంత తేలిగ్గా చేయలేకపోవడానికి ఇదే కారణం.

అసలు ఎందుకు మారాలనుకుంటోందో ఆమెను మీరొక్కరే, తీరికగా అడగండి. కళాశాల టెన్నిస్ పోటీలో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఉంటాయి. జట్టులో పదిమంది ఉంటే నలుగురికి సింగిల్స్‌లో చోటుండదు. ఏడో స్థానంలో ఉండి, ఒక వేసవి కష్టపడితే చోటు దక్కే పిల్లకూ, కోచ్ మనసులో ఇక లేనే లేదని తేలిన పిల్లకూ ఇవ్వవలసిన సలహా ఒకటి కాదు. అందుకే ముందు కోచ్‌నే అడగమనండి: "వచ్చే ఏడాది నన్ను ఏ స్థానంలో చూస్తున్నారు? నా స్కాలర్‌షిప్ కొనసాగుతుందా?" ఆడలేకపోవడం కాక అవమానం, ఆరోగ్యం పట్ల నిర్లక్ష్యం, ఒంటరితనం వంటివి బయటపడితే మాత్రం, ఈ లెక్కలన్నీ రెండోవిడతలో చూసుకోవచ్చు, ఆమెను అక్కడినుంచి కదిలించడమే ముందు పని. మీ వారు మన దేశపు టెన్నిస్ ఆటగాడు సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్‌ను ఉదాహరణగా తేవచ్చు. 2006లో ఎన్‌సీఏఏ ఫైనల్లో ఓడి, అదే వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఉండి 2007, 2008లలో వరుసగా గెలిచాడు. నిజమే గానీ, అతడు జట్టులో ముందువరసలో ఆడుతూ ఓడినవాడు, మీ పిల్ల ఆడే అవకాశమే లేక బాధపడుతోంది.

ఇక మీ వారి గురించి. స్థలం అమ్మిన మనిషికి కూతురి ప్రతి నిర్ణయమూ ఆ డబ్బుకు జవాబుదారీగానే కనిపిస్తుంది. అది కఠినత్వం కాదు, భయం. కానీ ఆ స్థలాన్ని అమ్మాలని నిర్ణయించింది మీరిద్దరూ, ఆమె కాదు. ఈ వాదనలో ఆ ప్రస్తావన మళ్లీ రాకుండా చూడవలసిన బాధ్యత ప్రధానంగా మీది. ఒకరి మాట మరొకరికి చేరవేసే పనిని కూడా నేటితో మానేయండి. మీరు ఎవరివైపూ మాట్లాడనక్కరలేదు, ముగ్గురూ ఒకే ఫోన్‌లో కూర్చునేలా చేస్తే చాలు. ఆ రోజు మాట్లాడవలసినది మారాలా వద్దా అని కాదు. స్కాలర్‌షిప్ కాగితం తండ్రి చదవడం, నియమాలు చూసే కంప్లయన్స్ కార్యాలయంలోనూ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోనూ అడగవలసిన ప్రశ్నలు ఇద్దరూ కలిసి రాసుకోవడం, టెన్నిస్‌కు పోర్టల్ తెరిచి ఉండే తేదీలు తెలుసుకోవడం వరకు చాలు.

కోచ్ జవాబు, ఆ రెండు కార్యాలయాల జవాబులు చేతికొచ్చాక, ఆ తేదీల్లోపు నిర్ణయం అమ్మాయికే వదిలేయండి. ఆమె మారతానంటే, స్కాలర్‌షిప్ పోయినా ఒక సెమిస్టరు ఫీజు భరించే శక్తి మీకు ఉందో లేదో మీ వారు ముందుగానే ఆమెకు స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఆ సంగతి తెలియకుండా ఆమె పోర్టల్‌లో పేరు పెట్టకూడదు.