మోడల్ రాకెట్‌లో ఫ్లైట్ కంప్యూటర్‌ను ఎలా అమర్చి వైరింగ్ చేయాలి?

సముద్రమట్టం దగ్గర ఎత్తు ఒక్కో మీటరు పెరిగేకొద్దీ గాలి పీడనం సుమారు 12 పాస్కల్స్ తగ్గుతుంది. ఫ్లైట్ కంప్యూటర్ (శిఖరాన్ని గుర్తించి పారాచూట్‌ను విడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) మీది సెన్సర్ ఆ తగ్గుదలను బట్టే రాకెట్ శిఖర స్థానాన్ని గుర్తిస్తుంది కనుక, బయటి గాలి పీడనం లోపలికి అందేలా, బోర్డున్న అర (చిన్న గది) గోడకు ముక్కుభాగానికి దూరంగా, సమాన ఎడంలో మూడు నాలుగు సన్నని రంధ్రాలు వేయాలి; పారాచూట్‌ను బయటికి నెట్టే మందు పొగ మాత్రం ఆ అరలోకి చొరబడకూడదు.

వైర్లు పలు పోగులవైతే అదురుకు త్వరగా తెగవు. బ్యాటరీని కనెక్టర్ పట్టు మీద వదిలేయకుండా (ఎక్కువమంది ఉపేక్షించేది ఇదే) జిప్ టైతో బిగించండి. రాకెట్‌ను నిలబెట్టిన తర్వాతే బోర్డు స్విచ్ వేయండి.

విశాఖ ఉప్పుగాలికి టంకం అతుకులు తుప్పు పడతాయి. వాటికి రక్షణ పూత వేయండి, సెన్సర్ రంధ్రంపై మాత్రం పడనీయకండి.