ఒక్క వానకే పెరడు పచ్చబడింది. ఎండిన కొమ్మలు ఇప్పుడే కొట్టేయాలా?

కొట్టేయవద్దు. ఇంకో మూడు నాలుగు వారాలు ఓపిక పట్టండి. రోజూ బావి నీళ్లు పోసినా రాని కళ ఒక్క వసంతపు వానకే ఎలా వచ్చిందని మీరు ముందు అడిగారు, కొమ్మల సంగతి చివర అడిగారు. నేను చివరిదే ముందు చెబుతున్నాను. ఎందుకంటే ఇలాంటి తొలి వాన తర్వాతే ఒక దానిమ్మ చెట్టును చేజేతులా పోగొట్టుకున్నాను. ఆకు ఒక్కటి కూడా లేదు, కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది. నేల మెత్తబడింది కదా అని మర్నాడే వేళ్లతో సహా పెకలించాను. మొదలు దగ్గర పార తగిలి బెరడు లేచిన చోట లేత పచ్చదనం, వేలు పెడితే తడి. చెట్టు బతికే ఉంది. ఆ పచ్చని గీత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

అప్పటి నుంచి గోటితో గీకి చూడనిదే ఏ కొమ్మనూ ముట్టుకోను. కొస నుంచి మొదలుపెట్టి కిందికి వస్తూ అక్కడక్కడా బెరడును కొద్దిగా గీకండి. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయినట్టే. పచ్చగా కనిపిస్తే అక్కడి నుంచి కింద ప్రాణం ఉంది. కొమ్మలన్నీ పోయినా మొదట్లోంచి పిలకలు రావచ్చు.

ఇక వాన సంగతి. 25 మిల్లీమీటర్ల వాన అంటే వంద చదరపు మీటర్ల పెరటి మీద 2,500 లీటర్లు, పది లీటర్ల బకెట్లతో 250. అన్ని బకెట్లు ఎవరం మోస్తాం? పైగా మనం పాదులోనే పోస్తాం. వేళ్లు పాదు దాటి చాలా దూరం పాకి ఉంటాయి, వాటన్నిటికీ ఒకేసారి తడి అందేది వానతోనే. బావి నీళ్లలో కరిగిన లవణాలుంటాయి. నీరు ఆవిరైనా అవి మట్టిలోనే మిగిలిపోతాయి. వాన నీటిలో లవణాలు చాలా తక్కువ కాబట్టి బాగా కురిసిన వాన పాత లవణాలను కూడా వేళ్ల కిందికి దింపేస్తుంది. ఆకుల మీది దుమ్ము కడుక్కుపోతుంది, గాలిలో తేమ పెరిగి ఆకు నీటిని అంత త్వరగా పోగొట్టుకోదు.

నాకు అన్నిటికన్నా అబ్బురంగా అనిపించేది మట్టిలో జరిగే పని. ఎండిన నేల ఒక్కసారిగా తడిస్తే సూక్ష్మజీవులు విజృంభించి పాత ఆకులూ వేళ్లూ కుళ్లిన పదార్థాన్ని వేగంగా విడగొడతాయి. అందులోని నత్రజని మొక్కకు అందే రూపంలోకి వస్తుంది. బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లో దీని గురించి వివరంగా రాశారు, అందుకే దీన్ని బర్చ్ ప్రభావం అంటారు. మెరుపుల వల్లే నేలకు నత్రజని వస్తుందని చాలామంది అంటారు. కొంత వస్తుంది, నిజమే. కానీ మీరు చూస్తున్న పచ్చదనంలో నేల తనలో దాచుకున్నదే ఎక్కువ. తొలి చినుకుల వాసన కూడా చాలావరకు ఆ మట్టి బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థానిదే.

ఒకసారి పొడి నేల తవ్వుతుంటే గోళీకాయంత మట్టి ఉండ దొరికింది. విప్పితే లోపల వానపాము ముడి వేసుకుని పడుకుని ఉంది. చచ్చిపోయిందనుకున్నాను. తడి మట్టిలో పెడితే కాసేపటికి ముడి విప్పుకుని లోపలికి జారుకుంది. కొన్ని రకాల వానపాములు ఎండాకాలం అలాగే గడుపుతాయి.

ఇప్పుడు మీరు చేయవలసింది, నేలలోకి తడి ఎంత లోతు దిగిందో చూడటం. జానెడు గుంట తీయండి. పైన రెండంగుళాలే తడిసి కింద పిండిలా పొడిగా ఉంటే ఆ సాయంత్రమే మళ్లీ నీళ్లు పెట్టండి. బాగా ఎండిన మట్టి నీటిని పక్కకు నెట్టేస్తుంది, ఒకసారి తడిసిన మట్టి మాత్రం ఇష్టంగా పీల్చుకుంటుంది. బురదగా ఉండగా తవ్వవద్దు, పాదుల్లో తొక్కవద్దు, నేల గట్టిపడి గాలి ఆడదు. గుప్పెడు మట్టి పిడికిట పట్టి ఉండ చేసి బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా రాలాలి. అదే పదును. అప్పుడే కలుపు తీసి, ఎండుటాకులు మందంగా కప్పండి. కాండానికి బెత్తెడు ఎడం వదలండి, ఆనుకుని ఉంటే బెరడు కుళ్లుతుంది. వానకు ముందే కప్పితే చిన్న వాన ఆకుల మీదే ఆగిపోతుంది కాబట్టి ఇప్పుడే సరైన సమయం.

పేరు తెలియని మొలకలను నాలుగు ఆకులు వచ్చేదాకా పీకకండి. కిందటి ఏడాది రాలిన గింజలు మొలిచి ఉండవచ్చు.

మీ పెరట్లో దానిమ్మ ఉంటే రోజూ పొద్దున్నే కణుపుల దగ్గర పరీక్షగా చూడండి. ఆవగింజంత ఎర్రటి మొటిమలు కనిపిస్తాయి. దానిమ్మ చిగురు మొదట ఆ రంగులోనే వస్తుంది.