పాకే బాబు నోట్లోకి ఇంటి దుమ్ము.. ఎయిర్ ప్యూరిఫైయర్ కొంటే సరిపోతుందా?

ప్రశ్న: మలక్‌పేట్‌లో పాత ఇంట్లో అద్దెకుంటున్నాం. మా బాబుకి పది నెలలు, ఇల్లంతా పాకుతూ ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటున్నాడు. దుమ్ములో కెమికల్స్ ఉంటాయని విని మావారు ఎయిర్ ప్యూరిఫైయర్ కొందామంటున్నారు. కొనమంటారా?

డాక్టర్ సలహా: ఆ డబ్బులు ఇప్పుడే పెట్టకండమ్మా. అది గాల్లో తేలే దుమ్మునే లాగుతుంది, మీవాడి నోట్లోకెళ్లేది నేలమీద పడున్నది. మీరు విన్నదైతే నిజమే, ప్లాస్టిక్ ఫ్లోర్ షీట్ల నుంచి థాలేట్లు (ప్లాస్టిక్‌ని మెత్తగా చేసే కెమికల్స్), సోఫా ఫోమ్, టీవీల్లాంటి వాటి నుంచి మంటలంటుకోకుండా కలిపే కెమికల్స్ మెల్లగా దుమ్ములో చేరతాయి.

పొడి చీపురుతో ఊడిస్తే సగం దుమ్ము లేచి మళ్లీ అక్కడే పడుతుంది, అందుకే తడిగుడ్డ పెట్టండి, నీళ్లు నల్లబడగానే మార్చండి, చాలా ఇళ్లల్లో హాల్ తుడిచిన బకెట్‌తోనే బెడ్‌రూమ్ కూడా కానిచ్చేస్తారు, అలా చేస్తే తుడిచినట్టు కాదు పూసినట్టు. సోఫా చిరిగి ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే మొహమాటపడకుండా తీసేయండి. చెప్పులు గుమ్మం బయటే. బాబుకి తినిపించే ముందు చేతులు సబ్బుతో కడగండి, శానిటైజర్‌తో దుమ్ము పోదు.

నాకు ఎక్కువ భయం మాత్రం మీ పాత ఇంటి పెయింట్ గురించే. ఇంటి పెయింట్లలో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదనే రూల్ మన దగ్గర 2017 నవంబర్ నుంచే వచ్చింది, అంతకుముందు వేసిన ఎనామిల్ పెయింట్‌లో ఎంతుందో ఎవరికి తెలుసు! కిటికీ తీసి వేసినప్పుడల్లా రాసుకుని పొడి రాలుతుంది, చెక్క మీద పెచ్చులు లేస్తుంటే ఆ కిటికీ కింద బాబుని ఆడనివ్వకండి, కావాలంటే అక్కడ మంచం అడ్డం పెట్టేయండి. ఓనర్ పండక్కి రంగులేయిస్తానంటే సంతోషమే కానీ పొడి సాండ్‌పేపర్‌తో గీకనివ్వొద్దు, తడిపి గీకమనండి, పని పూర్తయి ఇల్లంతా తడిగుడ్డతో తుడిచేదాకా మీరూ బాబూ పుట్టింట్లో ఉండండి.

సీసం ఇంత ఉన్నా ఫర్వాలేదు అనే లెవెల్ ఏదీ లేదు, పిల్లల మెదడు ఎదుగుదల మీద దెబ్బకొడుతుంది. ఒంట్లో ఐరన్ తక్కువైతే సీసం ఇంకా ఎక్కువ పడుతుంది కాబట్టి ఆకుకూర పప్పు, గుడ్డు మెత్తగా చేసి పెడుతుండండి. అన్నట్టు, కళ్లకి సుర్మా, కాటుక పెడుతుంటే ఆపేయండి, కొన్నిట్లో సీసం ఉంటుంది (అత్తగారికి నా పేరు చెప్పండి). పెచ్చులు నోట్లో పెట్టుకున్నాడని ఏమాత్రం అనుమానమున్నా పిల్లల డాక్టర్‌నడిగి రక్తంలో సీసం ఎంతుందో చూసే బ్లడ్ లెడ్ టెస్ట్ చేయించండి, వేలి నుంచి తీసిన శాంపిల్‌లో ఎక్కువొస్తే కంగారుపడొద్దు, చేతిమీది దుమ్ము కలిసినా అలా వస్తుంది, నరం నుంచి రక్తం తీసి మళ్లీ చూస్తారు. సీసం డెసిలీటర్ (100 మి.లీ.) రక్తానికి 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే మాత్రం అది ఎక్కడి నుంచి వస్తుందో ఇల్లంతా వెతకాల్సిందే.