గైర్హాజరు వల్ల కొట్టివేసిన అప్పీలు

ప్రశ్న: మా ప్రహరీ గోడ తమ హద్దులోకి జరిగిందని పొరుగువారు వేసిన దావాలో, గోడ తొలగించి స్థలం అప్పగించాలని జూనియర్ సివిల్ జడ్జి కోర్టు మా నాన్నగారిపై డిక్రీ ఇచ్చింది. జిల్లా కోర్టులో అప్పీలు వేసి స్టే తెచ్చుకున్నాం. 20 రోజుల క్రితం ఆ అప్పీలును కొట్టివేశారని మొన్ననే తెలిసింది. ఆ వాయిదాకు మా వకీలుగారు వెళ్లలేదట. నాన్నగారికి వాయిదా సంగతే తెలియదు. ఇక హైకోర్టులో రెండవ అప్పీలు వేయడమే మార్గమంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందుగా కొట్టివేత ఉత్తర్వును చదివించుకోండి. అందులో 'అప్పీలుదారు గైర్హాజరు, తరఫున ఎవరూ లేరు, అప్పీలు కొట్టివేయడమైనది' అని రెండు ముక్కలే ఉంటే, మీ వాదనలోని మంచిచెడ్డలను కోర్టు ఇంకా చూడనే లేదన్నమాట. సివిల్ ప్రొసీజర్ కోడ్ 2వ సెక్షన్ ప్రకారం ఇటువంటి ఉత్తర్వు డిక్రీ (హక్కులను తేల్చిచెప్పే తీర్పు) కాదు, కనుక దానిపై రెండవ అప్పీలు నిలవదు. మీరు వెళ్లవలసింది అదే జిల్లా కోర్టుకు. అదే కోడ్ 41వ ఆర్డరు 19వ రూలు కింద అప్పీలును తిరిగి చేర్చుకోవాలని పునరుద్ధరణ పిటిషన్ వేయాలి.

దానికి గడువు కొట్టివేసిన తేదీ నుంచి 30 రోజులు, అంటే మీకు మిగిలింది 10 రోజులే. అప్పీలుకైతే సర్టిఫైడ్ కాపీ కోసం పట్టిన రోజులను గడువులోంచి మినహాయిస్తారు గానీ ఈ పిటిషన్‌కు ఆ వెసులుబాటు లేదు కాబట్టి, కాపీ వచ్చాక చూద్దామని కూర్చోవద్దు. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద మరో పిటిషన్ వేసి, ప్రతి రోజుకూ సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

వకీలు తప్పిదానికి కక్షిదారును శిక్షించరాదని సుప్రీంకోర్టు 1981లో రఫీక్, మున్షీలాల్ కేసులో చెప్పింది. అయినా 'వకీలు రాలేదు' అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, వాయిదా సంగతి నాన్నగారికి ఎందుకు తెలియలేదో, కొట్టివేత ఎప్పుడు, ఎవరి ద్వారా తెలిసిందో ఆయన అఫిడవిట్‌లో తేదీలతో సహా రాయించండి. ఆ వకీలుగారు కూడా అఫిడవిట్ ఇస్తే మరింత బలం. ఆయనతో తగవుకు ఇది సమయం కాదు.

అప్పీలుతోపాటే మీ స్టే కూడా పోయింది. పొరుగువారు రేపే డిక్రీ అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయవచ్చు, గోడ కూలాక అప్పీలు గెలిచి ఏం లాభం? అందుకని పునరుద్ధరణ పిటిషన్‌తోపాటే డిక్రీ అమలును ఆపమని కూడా కోరండి. పిటిషన్‌ను తిరస్కరిస్తే, ఆ తిరస్కరణ మీద 43వ ఆర్డరు కింద హైకోర్టుకు అప్పీలు ఉంది.

ఒకవేళ మీరు లేకుండానే కోర్టు సాక్ష్యాలను చర్చించి అప్పీలులో బలం లేదని కొట్టివేసి ఉంటే సంగతి వేరు. హాజరుకాని అప్పీలుదారు అప్పీలును గుణదోషాల మీద కొట్టివేయకూడదని 1976 సవరణతో 41వ ఆర్డరు 17వ రూలుకు చేర్చిన వివరణ నిషేధిస్తోంది. అటువంటి తీర్పుపై మాత్రం 90 రోజుల్లో హైకోర్టులో రెండవ అప్పీలు వేసి, ఈ లోపాన్నే ప్రధానమైన న్యాయ ప్రశ్నగా చూపవచ్చు.

ఇంత పట్టుబట్టి జిల్లా కోర్టుకే వెళ్లమనడానికి కారణముంది. హద్దు రాయి ఎక్కడుంది, కోర్టు నియమించిన కమిషనర్ కొలతలు సరైనవా, దస్తావేజులో ఎన్ని గజాలున్నాయి అన్న సంగతులను మొదటినుంచీ తిరిగి తూచే అధికారం మొదటి అప్పీలు కోర్టుకు ఉంది. రెండవ అప్పీలులో హైకోర్టు సాధారణంగా వాటి జోలికి వెళ్లదు.